సంఘపు వెబ్‌సైటు వెదకువారికి దొరకు విధము

పూర్వము కొనువాడు సంతకు వచ్చి, గుప్పెడు గింజలు అరచేత పోసికొని, నోట వేసికొని కొఱికి చూచి బేరమాడెడివాడు. నేడును సంత యున్నది; మార్కెటు యార్డు ఉన్నది. కాని నేటి వర్తకులలోను, పప్పు మిల్లుల వారిలోను పలువురు ఇల్లు వెడలుటకు ముందే చేతిలోని ఫోనును అడుగుచున్నారు. “శనగలు టోకున ఎచ్చట దొరకును? సోయా విత్తనములు ఎవరియొద్ద నున్నవి? కందులు నేరుగా రైతులయొద్ద కొనుటకు వీలున్నదా?” అని వారి ప్రశ్న. దీనికి ఫోను చూపు మొదటి నాలుగైదు పేరులలో మన సంఘము లేనియెడల, ఆ కొనువాని లెక్కలో మన సంఘము లేనట్లే. అతడు మధ్యవర్తి నాశ్రయించును. ఆ మధ్యవర్తి మనయొద్దకే వచ్చి తక్కువకు కొని, అతనికి ఎక్కువకు అమ్మును. ఆ నడిమి భేదము రైతునకు రావలసిన సొమ్ము.

2022 సంవత్సరము జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును రూ. 2,516 కోట్ల వ్యయముతో ఆమోదించినది. లెక్కలు కంప్యూటరున కెక్కుట ఒక మెట్టు. సంఘము పేరును, సరుకును లోకమునకు తెలియుట వేఱొక మెట్టు. ఈ రెండవదానికై కొన్ని సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంస్థలును వెబ్‌సైట్లు పెట్టుకొన్నవి. అయితే వెబ్‌సైటు పెట్టినంతమాత్రమున అది వెదకువానికి దొరకదు. దొరకునట్లు చేయుటకు వలయు పనులను ఇంగ్లీషున “సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్” అనియు, క్లుప్తముగా “ఎస్. ఇ. ఓ.” అనియు చెప్పుదురు. పేరు పెద్దది గాని పని అంత పెద్దది కాదు. సంఘ కార్యదర్శియు, కొంచెము చదువుకొన్న రైతుబిడ్డ యొకడును కూర్చుండి ఇందులో చాల భాగమును తామే చేసికొనవచ్చును. ఆ పనులను వరుసగా ఈ పాఠమున తెలుపుచున్నాను.

1. శోధన యంత్రము పనిచేయు తీరు

గూగులు, బింగు మున్నగువానిని శోధన యంత్రములందురు. ఇవి మూడు పనులు చేయును.

మొదటిది తిరుగుట. యంత్రము పంపిన ప్రోగ్రాము ఒక పుటనుండి మఱియొక పుటకు లంకెల వెంబడి రాత్రింబగళ్లు పోవుచుండును. ఏ పుటనుండియు లంకె లేని పుట దారి లేని పొలమువంటిది. అచ్చటికి అది చేరుట కష్టము.

రెండవది నమోదు. తాను చూచిన పుటలోని మాటలను చదివి, ఏ మాట ఏ పుటలో నున్నదో తన సూచికలో వ్రాసికొనును. చదువరాని పుటను సరిగా నమోదు చేయలేదు.

మూడవది వరుస. ఎవరైన ప్రశ్న వేయగానే, ఆ ప్రశ్నకు తగిన పుటలలో ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించి చూపును. ఈ నిర్ణయమునందు పుటలోని మాటలు, వెదకువాడున్న చోటు, ఆ పుటను ఇతరులు ఆదరించిన తీరు మొదలైనవి అనేకములు లెక్కకు వచ్చును.

అమెరికాయందు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుచుండిన లారీ పేజి, సెర్గీ బ్రిన్ అనువారు 1998లో గూగులు సంస్థను స్థాపించిరి. వారి ముఖ్యమైన ఊహ ఏమనగా: ఒక పుటకు మఱియొక పుట ఇచ్చు లంకె ఒక సిఫారసువంటిది, పదుగురు పెద్దమనుష్యులు సిఫారసు చేసినవాని మాటకు విలువ ఎక్కువైనట్లే, మంచి పుటలు లంకె ఇచ్చిన పుటకు విలువ ఎక్కువ. నేడు లెక్క మిక్కిలి విస్తరించినను ఈ మూలసూత్రము పోలేదు.

ఇందువలన మనము చేయవలసినవి మూడే. యంత్రము చేరునట్లు దారి వేయుట. అది చదువగల అక్షరములలో వ్రాయుట. కొనువాడు అడుగు ప్రశ్నకు నేరుగా, సత్యముగా సమాధానమిచ్చుట. ఇకముందు చెప్పబోవునదంతయు ఈ మూటి విస్తరమే.

2. అక్షరములు యంత్రము చదువగలిగినవై యుండవలెను

తెలుగువారికి ఈ విషయమున ప్రత్యేకమైన అనుభవము గలదు. ఇంటర్నెట్టు వచ్చిన తొలి దినములలో ఈనాడు, వార్త మున్నగు మన దినపత్రికలు తమ తమ సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లను నడిపినవి. ఆ ఫాంట్లలో లోపలనుండునది ఇంగ్లీషు అక్షరపు సంకేతము. పైకి తొడిగినది తెలుగు అక్షరపు రూపము. ఫాంటు ఉన్న కంప్యూటరులో చక్కని తెలుగు కనబడెడిది. కాని శోధన యంత్రము రూపమును చూడదు, లోపలి సంకేతమునే చదువును. కనుక దానికి ఆ వార్తలన్నియు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్పగా తోచినవి. తెలుగులో వెదకినవానికి తెలుగు పత్రికయే దొరకని స్థితి ఏర్పడినది.

ప్రపంచ భాషల కన్నిటికిని ఒకే సంకేత పద్ధతి యగు యూనికోడులో తెలుగు 1991లో వెలువడిన మొదటి కూర్పునందే చేరియున్నది. దానిని వాడుకలోనికి తెచ్చుటకు కొందరు తెలుగువారు ఫలాపేక్ష లేక శ్రమించిరి. వెన్న నాగార్జునగారు “పద్మ” అను ఉపకరణమును తయారుచేసి, పత్రికల పాత ఫాంట్ల పుటలు యూనికోడు తెలుగులో కనబడునట్లు చేసిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారును ఆయనయే. వీవెన్‌గారి “లేఖిని” ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు వ్రాయు సౌకర్యమును కలిగించినది. తరువాత పత్రికలును యూనికోడునకు మాఱినవి. అటుపిమ్మటనే తెలుగులో వెదకినవానికి తెలుగు దొరకుట సాధారణమైనది.

ఇది గడచిపోయిన కథ యని తలంపరాదు. నేటికిని అచ్చుపని చేయు డి.టి.పి. కేంద్రములలో అను ఫాంట్లవంటి పాత పద్ధతి అక్షరములు వాడుకలో నున్నవి. సంఘము కరపత్రమును అచ్చట కూర్పించి, ఆ కూర్పునే వెబ్‌సైటులో పెట్టించినయెడల, పూర్వము పత్రికలకు కలిగిన నష్టమే మనకును కలుగును. దీనికి సులువైన పరీక్ష యొకటి గలదు. మీ పుటలోని ఒక వాక్యమును కాపీ చేసి వాట్సాపు సందేశములో అతికింపుడు. తెలుగుగానే కనబడినయెడల అది యూనికోడు. పిచ్చి అక్షరములుగా మాఱినయెడల ఆ పుటను మరల వ్రాయింపవలసినదే.

ఇట్టిదే ఇంకొక పొరపాటు. ధరల పట్టికను, విత్తనముల జాబితాను కాగితముపై వ్రాసి, ఫోనుతో ఫోటో తీసి, ఆ ఫోటోనే పుటలో పెట్టుదురు. మనుష్యుడు దానిని చదువును. యంత్రములకును ఇప్పుడు బొమ్మలోని అక్షరములను గుర్తించు నేర్పు కొంత వచ్చినది గాని, వంకర ఫోటోలోని చేతివ్రాత తెలుగును అది సరిగా చదువునని నమ్ముకొనరాదు. ధర, పరిమాణము, ఫోను నంబరు ఎల్లప్పుడును మాటలుగా టైపు చేయవలెను. ఫోటో పెట్టునప్పుడు, దానిక్రింద అది దేని ఫోటోయో ఒక వాక్యము వ్రాయవలెను. వెబ్‌సైటు తయారుచేయువారితో చెప్పి, “ఆల్ట్ టెక్స్టు” అను గడిలో కూడ ఆ సంగతినే పూరింపజేయవలెను.

3. కొనువాని మాటలో వ్రాయవలెను

వెబ్‌సైటు వ్రాయువారు తఱచు ఆఫీసు భాషలో వ్రాయుదురు. “ఆహారధాన్యముల విక్రయ విభాగము” అని పుటకు పేరు పెట్టుదురు. ఏ కొనువాడును ఫోనులో అట్లు అడుగడు. అతడు “శనగలు ధర”, “కందులు అమ్మకం”, “సోయా విత్తనం” అని అడుగును. అతడు వాడు మాట మన పుటలో లేనియెడల యంత్రము మనలను ఆ ప్రశ్నకు జతపరచుట కష్టమగును.

ఒకే పంటకు ప్రాంతమునుబట్టి పేరులు మాఱును. మనము మక్కలు అందుము; కోస్తా జిల్లాలవారు మొక్కజొన్న అందురు. మనము పల్లికాయ అందుము. వారు వేరుశనగ అందురు. కావున పుటలో “మక్కలు (మొక్కజొన్న)” అని రెండు మాటలును ఒకసారి సహజముగా వచ్చునట్లు వ్రాసిన చాలును.

మన ప్రాంతమునకు ఇంకొక విశేషము గలదు. పెద్ద కొడప్‌గల్, బిచ్కుంద, జుక్కల్, మద్నూరు మండలములు మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువ. మన నల్లరేగడి భూములలో పండు పప్పుదినుసులకు దెగ్లూరు, నాందేడు వైపు వర్తకులు కొనువారే. మరాఠీవారికి కందులు తూర్, శనగలు హరభరా, పెసలు మూగ్, మినుములు ఉడీద్. కన్నడమువారికి కందులు తొగరి, శనగలు కడలె. అట్టి కొనువారిని కోరు సంఘము మరాఠీలో నొకటి, కన్నడములో నొకటి వేఱు పుటలను వారి వారి లిపిలోనే పెట్టవలెను. యంత్రముచేత తర్జుమా చేయించి యథాతథముగా పెట్టక, ఆ భాష తెలిసిన సభ్యునిచేత దిద్దింపవలెను. మనలో మరాఠీ కన్నడములు ఇంట మాటలాడువారు కొదువలేరు.

నోటితో అడుగువారిని కూడ మఱవరాదు. 2017 నుండి గూగులులో తెలుగున మాటలాడి వెదకు సదుపాయము గలదు. చదువురానివాడును అడుగగలడు. నోటి ప్రశ్న పూర్తి వాక్యముగా నుండును: “దగ్గరలో శనగలు ఎవరు కొంటారు?” అనునట్లు. కనుక పుటలో కొన్ని ప్రశ్నలను వాడుక మాటలలోనే శీర్షికలుగా వ్రాసి, వాని క్రింద రెండు మూడు వాక్యములలో సమాధానమిచ్చుట మంచిది.

కొనువారేమి అడుగుచున్నారో ఊహింపనక్కఱలేదు. గూగులులో “శనగలు” అని టైపు చేసి ఆగినయెడల, క్రింద కొన్ని ప్రశ్నలు తామే వచ్చును. అవి ఇతరులు నిజముగా అడిగిన ప్రశ్నలనుండి వచ్చినవి. ఒక కాగితముపై వ్రాసికొనుడు. సంఘమునకు ఫోను చేసినవారు మొదట అడుగు పది ప్రశ్నలను కూడ వ్రాసికొనుడు. ఈ రెండు జాబితాలును కలిసి వెబ్‌సైటునకు విషయసూచిక యగును.

4. ఊరి పేరు, చిరునామా

సరుకు కొనువాడు చోటు నడుగును. యంత్రమును చోటునుబట్టియే దగ్గరివారిని ముందు చూపును. అందువలన చిరునామా స్పష్టముగా నుండవలెను.

మన ఊరి పేరునే చూడుడు. “పెద్ద కొడప్‌గల్” అని విడదీసి వ్రాయువారు కొందరు, “పెద్దకొడప్‌గల్” అని కలిపి వ్రాయువారు కొందరు, “కొడపగల్” అని వ్రాయువారు మఱికొందరు. ఇంగ్లీషులోను ఇట్లే. “పెద్ద” అను మాట విడిచినచో చిన్న కొడప్‌గల్‌తో కలిసిపోవును. జిల్లా విషయమును అట్టిదే. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు పెద్ద కొడప్‌గల్ మండలమైనది. అంతకుముందు అది నిజామాబాదు జిల్లా పిట్లము మండలములోని గ్రామము. పాత కాగితములలో పాత చిరునామాయే యుండును.

కావున ఒక రూపమును నిశ్చయించి, వెబ్‌సైటులోను, గూగులు మ్యాపులోను, బ్యాంకు పత్రములలోను, రసీదులలోను అదియే వ్రాయవలెను. “మా గురించి” అను పుటలో మాత్రము, “పూర్వము నిజామాబాదు జిల్లా, పిట్లము మండలము” అని ఒక వాక్యము చేర్పవచ్చును. దూరపు లారీవానికి ఉపయోగపడునట్లు, మన మండలము మీదుగా పోవు 161వ జాతీయ రహదారినుండి గిడ్డంగికి వచ్చు దారిని రెండు వాక్యములలో తెలుపుడు. ఇది యంత్రమునకును మనుష్యునకును ఒకేసారి పనికివచ్చును.

5. పుట వ్రాయు విధము

ఒక విషయమునకు ఒక పుట అనునది నియమముగా పెట్టుకొనుడు. శనగలకు ఒకటి, కందులకు ఒకటి, విత్తనములకు ఒకటి, ఎఱువుల నిలువకు ఒకటి, అద్దె యంత్రములకు ఒకటి. అన్నిటిని ఒకే పుటలో కుక్కినయెడల ఏ ప్రశ్నకును అది సరియైన సమాధానము కాదు.

ప్రతి పుటకును శీర్షిక ప్రాణము. గూగులు ఫలితములలో నీలపు అక్షరములతో సాధారణముగా కనబడునది అదియే. ఎనిమిది పది మాటలకు మించకుండ, సరుకు, సంఘము, ఊరు తెలియునట్లుండవలెను. “స్వాగతము” అనియో, “హోము” అనియో శీర్షిక పెట్టుట, కొట్టుకు పేరులేని బోర్డు కట్టుటవంటిది. శీర్షిక తరువాత “మెటా డిస్క్రిప్షను” అను రెండు వాక్యముల పరిచయము వ్రాయవలెను. ఇది వరుసను పెంచదు గాని, ఫలితములలో చూచినవానికి పుట తెఱవవలెనను కోరిక కలిగించును.

మాదిరి యొకటి చూపుచున్నాను.

శీర్షిక: శనగలు టోకున అమ్మకము — సహకార సంఘము, పెద్ద కొడప్‌గల్, కామారెడ్డి జిల్లా.

మొదటి వాక్యములు: “పెద్ద కొడప్‌గల్ మండలపు రైతులు పండించిన శనగలు సంఘపు గిడ్డంగిలో అమ్మకమునకు గలవు. రకము ఇది. తేమ నూటికి ఇంత. నిలువ ఇన్ని క్వింటాళ్లు. బస్తా తూకము ఇంత. ఈ తేదీనాటి ధర ఇంత. సరుకు చూచుటకు ఈ వేళలలో రావచ్చును. ఫోను నంబరు ఇది.”

“ఇది”, “ఇంత” అన్నచోట్ల మీ సంఖ్యలను వేసికొనుడు. సంఘపు స్థాపన చరిత్రము, అధ్యక్షుల ఫోటోలు ముందు పెట్టి సరుకు సంగతి అడుగున పెట్టరాదు. తేదీ లేని ధర వ్రాయరాదు. నిలువ అయిపోయిననాడు “అయిపోయినది, మరల ఫలాని నెలలో వచ్చును” అని దిద్దవలెను. పాత ధరను నమ్మి లారీ తెచ్చినవాడు మరల మనలను నమ్మడు.

ఇతరుల వెబ్‌సైట్లనుండి సాగు పద్ధతులను కాపీ చేసి పెట్టుట వ్యర్థము. అదే మాట నూఱు చోట్లనున్నప్పుడు యంత్రము మనలను ఏల చూపును? మన నేలలో ఏ రకము ఏ తేదీన విత్తితిమి, ఎప్పుడు వాన వచ్చినది, ఎకరమునకు ఎంత దిగుబడి వచ్చినది అను సంగతులు మనకు దప్ప మఱెవరికిని తెలియవు. వానిని వ్రాయుడు. విత్తనము కొనువాడు వెదకునది అదియే.

6. ఫోను, వేగము, దారి

మన దేశమున వెదకువారిలో అధికులు ఫోనులోనే వెదకుదురు. గూగులు 2015 ఏప్రిలులోనే ఫోనుకు అనుకూలమైన పుటలకు ప్రాధాన్యమిచ్చెను. నేడు అది పుట ఫోనులో కనబడు రూపమునే చూచి నమోదు చేయుచున్నది. కంప్యూటరులో అందముగా నుండి, ఫోనులో అక్షరములు చీమలవలె కనబడు పుట పనికిరాదు. ఫోను నంబరును వ్రేలితో తాకగానే కాల్ పోవునట్లు పెట్టింపవలెను.

పుట త్వరగా తెఱచుకొనవలెను. అందలి ముఖ్యభాగము రెండున్నర సెకండులలోపల కనబడుట మంచి వేగమని గూగులువారి కొలత. పల్లెలలో సిగ్నలు బలహీనము. కెమెరానుండి వచ్చిన పెద్ద ఫోటోలను యథాతథముగా పెట్టుటయే ఆలస్యమునకు తఱచు కారణము. ఫోటోను చిన్నదిచేసి పెట్టుడు. ఒక పుటలో రెండు మూడు చాలును. చిరునామా “హెచ్.టి.టి.పి.ఎస్.” అని మొదలగునట్లు, అనగా భద్రమైన పద్ధతిలో నుండవలెను. దీనిని 2014 నుండి వరుస నిర్ణయమున కొంత లెక్కించుచున్నారు. చూచువానికిని ధైర్యము.

మొదటి పుటనుండి ప్రతి సరుకు పుటకును లంకె యుండవలెను. పుటలన్నిటి జాబితాను “సైట్‌మ్యాపు” అను ఫైలుగా చేసి గూగులునకు అందజేయవచ్చును. “రోబోట్స్” అను చిన్న ఫైలు ఒకటి వెబ్‌సైటులో నుండును. అందులో తిరుగు యంత్రమునకు ఎచ్చటికి రావచ్చునో, రాకూడదో వ్రాయుదురు. నిర్మాణ దినములలో “ఎవరును రావలదు” అని వ్రాసి, పని ముగిసిన తరువాత తీసివేయ మఱచుట కలదు. సంవత్సరమైనను వెబ్‌సైటు గూగులులో కనబడనియెడల మొదట దీనిని పరీక్షింపజేయుడు.

7. మంచి సిఫారసు, దొంగ సిఫారసు

లంకె సిఫారసువంటిదని పైని చెప్పితిని. మనకు న్యాయముగా లభింపదగిన లంకెలు కొన్ని గలవు. మనతో లావాదేవి చేయు బ్యాంకు, ప్రక్క సంఘములు, మన సరుకు కొను మిల్లు, మన ప్రదర్శన క్షేత్రమును గుఱించి వ్రాసిన పత్రిక వీరి వెబ్‌సైట్లలో మన పేరున్నచోట లంకె చేర్పుమని అడుగుటలో తప్పులేదు. తెలుగు వికీపీడియాలో మన సరుకు ప్రకటన వ్రాయుట మాత్రము తగదు. అది విజ్ఞానసర్వస్వము, ప్రకటనల గోడ కాదు.

దొంగ ఉపాయములును గలవు. “శనగలు శనగలు శనగలు” అని ఒకే మాటను ఏబది సార్లు వ్రాయుట, తెల్లని కాగితముపై తెల్లని అక్షరములతో మాటలు దాచుట, లంకెలను డబ్బిచ్చి కొనుట, అబద్ధపు పొగడ్తలు వ్రాయించుట మొదలైనవి. గూగులువారు పుట వెనుక దాచు “కీవర్డ్స్” పట్టికను వరుసకు లెక్కింపమని 2009లోనే ప్రకటించిరి. 2011లో నాసిరకపు పుటలను, 2012లో మాటల కుక్కుడును లంకెల మోసములను వెనుకకు త్రోయు మార్పులు చేసిరి. 2011 ఫిబ్రవరిలో అమెరికాయందలి జె. సి. పెన్నీ అను పెద్ద దుకాణముల సంస్థ పేరు ఈ కారణముననే ఫలితములలో క్రిందికి పడెను. దానికి సంబంధములేని వెబ్‌సైట్లలో వేలకొలది లంకెలు పెట్టబడినట్లు న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టినది. తమకు ఆ సంగతి తెలియదని సంస్థవారు చెప్పి, తాము కుదుర్చుకొన్న ఎస్. ఇ. ఓ. కంపెనీని తొలగించిరి. నష్టము మాత్రము సంస్థదే. కూలికి కుదిరినవాడు చేసిన తప్పునకు పొలము యజమాని పంట పోగొట్టుకొనుట ఇట్టిది.

8. గూగులు మ్యాపులో సంఘపు పేరు

“గూగులు బిజినెస్ ప్రొఫైలు” అనునది రుసుము లేని నమోదు. సంఘము తన చోటును, వేళలను, ఫోను నంబరును, ఫోటోలను అందులో పెట్టి, అది తనదేనని రుజువు చేసికొనవలెను. దగ్గరలో వెదకువానికి వెబ్‌సైటుకంటె ముందు కనబడునది తఱచు ఇదియే.

ఇందులో ఒక అపాయము గలదు. మ్యాపులోని వివరములను మార్పుమని ఎవరైనను సూచన పంపవచ్చును. ఫోను నంబరును మార్చి, ఫోను చేసినవారినుండి డబ్బు కాజేసిన మోసములు మన దేశమున జరిగినవి. సంఘపు పేరున వేఱొకని నంబరు పడినయెడల, విత్తనమునకు బయానా పంపిన సభ్యుడు నష్టపోవును, సంఘపు పరువును పోవును. కావున ఏర్పాటుచేసి మఱచిపోక, వారమునకొకసారి ఒక బాధ్యుడు తెఱచి చూడవలెను. వచ్చిన విమర్శలకు మర్యాదగా జవాబు వ్రాయవలెను.

9. సొమ్ము ఖర్చు పెట్టుటకు ముందు

“మీ సంఘమును గూగులులో మొదటి స్థానమున నిలిపెదము” అని హామీ ఇచ్చువారు ఫోను చేయుచుందురు. అట్టి హామీ ఎవరును ఇవ్వజాలరని గూగులువారే తమ సూచనలలో వ్రాసిరి. డబ్బిచ్చి వేయు ప్రకటన వేఱు. అది ప్రకటన అను గుఱుతుతో కనబడును, డబ్బు నిలిపిననాడు నిలిచిపోవును, దానివలన మామూలు వరుస పెరుగదు. న్యాయమైన పనికి ఫలము కనబడుటకు సాధారణముగా నాలుగు మాసములు మొదలు ఒక సంవత్సరము వఱకు పట్టునని గూగులువారి మాట. వారము దినములలో ఫలమిత్తుమనువానిని నమ్మవలదు.

మనిషిని కుదుర్చుకొనవలసివచ్చినను, ఈ షరతులను కార్యవర్గ తీర్మానములో వ్రాసికొనుడు. వెబ్‌సైటు చిరునామా, అనగా డొమైను, సంఘము పేరుననే రిజిస్టరు కావలెను. కాంట్రాక్టరు పేరున కాదు. పాస్‌వర్డులు సంఘపు ఇనుప పెట్టెలో సీలు వేసిన కవరులో నుండవలెను. డొమైను గడువు తేదీ సంఘపు క్యాలెండరులో నుండవలెను. గడువు దాటినచో ఆ చిరునామాను వేఱొకడు కొనవచ్చును. చేసిన పనులను నెలకొకసారి వ్రాతమూలముగా తెలుపవలెను. లంకెలు కొనరాదు. కార్యదర్శి మాఱినప్పుడు లెక్క పుస్తకములతోపాటు ఇవియు అప్పగింపవలెను. ఇది సభ్యుల సొమ్ముతో పెట్టిన ఆస్తి. గిడ్డంగి తాళపు చెవులకు గల కట్టుబాటే దీనికిని ఉండవలెను.

10. ఫలమును కొలుచుట

గూగులులో ఇంగ్లీషు అక్షరములతో “సైట్” అను మాటను, రెండు చుక్కలను, వెంటనే ఖాళీ విడువక మీ వెబ్ చిరునామాను టైపు చేసిన, నమోదైన పుటలు చాలవఱకు కనబడును. ఇంతకంటె సరియైన సాధనము “సెర్చ్ కన్సోల్”. ఇదియు రుసుము లేనిదే. ఏయే మాటలు వెదకినవారికి మన పుట కనబడినది, ఎందరు తెఱచిరి, ఏ పుట నమోదు కాలేదు అను లెక్కలు అందులో వచ్చును. నెలకొకసారి కార్యవర్గ సమావేశములో దీనిని చదువుడు. ఒక పుట పలుమాఱు కనబడినను తెఱచువారు తక్కువైనయెడల శీర్షికను దిద్దుడు. మనమెఱుగని మాటతో జనులు వచ్చుచున్నయెడల ఆ మాటకు ఒక పుట వ్రాయుడు. అన్నిటికంటె నమ్మకమైన లెక్క ఒకటి గలదు. ఫోను చేసిన ప్రతి కొనువానిని, “మా సంగతి మీకు ఎట్లు తెలిసినది?” అని అడిగి పుస్తకములో వ్రాసికొనుడు.

ఇటీవల గూగులు, ప్రశ్న అడుగగానే కృత్రిమ మేధచేత తానే ఒక సంగ్రహ సమాధానమును పైని చూపుచున్నది. 2024లో ఈ పద్ధతి మన దేశమునకును వచ్చినది. దీనివలన కొందరు పుటను తెఱవకయే పోవుదురు. దీనికి ప్రత్యేకమైన మంత్రము లేదు. సంఖ్య, తేదీ, చోటు స్పష్టముగా గల పుటనుండియే ఆ సమాధానము తీయబడుటకు వీలు. సాగు సలహా చదివి పోవువాడు పోయినను, సరుకు కొనువాడు మనకు ఫోను చేయక తీరదు.

వెబ్‌సైటు దొరకుట సరుకు నాణ్యమునకు బదులు కాదు. కొనువానిని గిడ్డంగి వాకిలివఱకు అది తీసికొనివచ్చును. తూకములోను, తేమలోను, మాటలోను నిలుపుకొనుట మన పని.

సంఘ సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

(1) మన సరుకు కొనువారు మొదట అడుగు పది ప్రశ్నలేవి? వానికి మన వెబ్‌సైటులో సమాధానమున్నదా?

(2) మన పుటలోని ఒక వాక్యమును వాట్సాపులో అతికించినప్పుడు తెలుగుగానే వచ్చుచున్నదా?

(3) మన ధరల పట్టిక ఫోటోగా నున్నదా, మాటలుగా నున్నదా? దానిపై తేదీ గలదా?

(4) ఊరి పేరును, జిల్లాను అన్ని చోట్లను ఒకే విధముగా వ్రాయుచున్నామా?

(5) గూగులు మ్యాపులో నున్న ఫోను నంబరు మనదేనా? దానిని చూచు బాధ్యుడెవడు?

(6) డొమైను ఎవరి పేరున నున్నది? గడువు ఏ తేదీతో ముగియును? పాస్‌వర్డులు ఎచ్చట నున్నవి?